ఒకే ఇంట్లో ఇద్దరు మెథోట్రెక్సేట్ వాడుతున్నారు: ఒకరికి ఫోలిక్ యాసిడ్ ఇమ్మని, మరొకరికి వద్దని ఎందుకు చెప్పారు?

ప్రశ్న: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

సభ్యులందరికీ నమస్కారం. నేను విజయనగరం జిల్లా చీపురుపల్లి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. మా అప్ప కొడుకుకు ఏడేళ్లు. గత సంవత్సరం వాడికి అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా (ఒక రకం రక్త క్యాన్సర్) అని తేలింది. విశాఖపట్నంలో చికిత్స మొదలుపెట్టాము. ఆసుపత్రిలో వారాల తరబడి ఉండవలసిన తొలి దశలన్నీ దాటి, ఇప్పుడు ఇంటి దగ్గరే మందులు వాడుకునే మెయింటెనెన్స్ దశకు వచ్చాడు. రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ బిళ్ళ, వారానికి ఒక్క రోజు మాత్రం మెథోట్రెక్సేట్ బిళ్ళలు వేస్తున్నాము. కొన్ని నెలలకొకసారి తీసుకెళితే అదే మెథోట్రెక్సేట్‌ను వెన్నులోకి సూదితో ఎక్కిస్తున్నారు.

మా అమ్మకు ఆరేళ్లుగా కీళ్లవాతం ఉంది. ఆమె కూడా వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ 15 మిల్లీగ్రాములు వేసుకుంటుంది. ఆ మరుసటి రోజు ఫోలిక్ యాసిడ్ 5 మిల్లీగ్రాముల బిళ్ళ తప్పనిసరిగా వేసుకోవాలని ఆమె వైద్యుడు చెప్పారు. పిల్లవాడి కాగితాల్లో మాత్రం, ఫోలిక్ యాసిడ్ కలిసిన టానిక్‌లు గానీ విటమిన్ బిళ్ళలు గానీ తమను అడగకుండా ఇవ్వవద్దని ఎర్ర సిరాతో రాసి, కింద గీత కూడా గీశారు.

నాకు చిక్కు వచ్చింది బడిలో. ప్రభుత్వం సరఫరా చేసే గులాబీ రంగు ఐరన్, ఫోలిక్ యాసిడ్ బిళ్ళలను వారానికొకసారి మా పిల్లలందరికీ నా చేతులతోనే వేయిస్తాను. మా మేనల్లుడు కూడా మా బడిలోనే చదువుతున్నాడు. వాడికి ఒక్కడికి ఇవ్వకుండా వదిలేస్తున్నానని తెలిసి మా అమ్మ బాధపడుతోంది. "గుంటడికి ఒంట్లో నెత్తురు నేదని ఎక్కించుకొచ్చినాం, నెత్తురు పట్టే బిళ్ళ ముందు ఆడికే కదా ఇయ్యాల" అని ఆమె అడిగితే సరైన జవాబు చెప్పలేకపోయాను. ఒకే మందు వాడుతున్న ఇద్దరిలో ఒకరికి అమృతమైనది మరొకరికి ఎందుకు కూడదు?

దీనితో ముడిపడిన రెండో సందేహం కూడా ఉంది. ప్రతి సంవత్సరం జనవరి 12న, శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి పుట్టినరోజున, ఆయన గురించి పిల్లలకు చెబుతాను. ఫోలిక్ యాసిడ్‌ను తయారు చేసినది ఆయనే అని, లుకేమియా మందును కనుగొన్నది కూడా ఆయనే అని ఇన్నేళ్లూ చెబుతూ వచ్చాను. ఇప్పుడు చూస్తే ఆ రెండూ ఒకదానికొకటి విరోధులని తెలుస్తోంది. రక్తం పట్టించే విటమిన్‌ను తయారు చేసిన మనిషే దానికి విరుగుడును ఎందుకు తయారు చేయించారు? దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: మందుల దుకాణం నిర్వాహకుడు, నరసన్నపేట

మాస్టారూ, కారణం వైద్యులు చెబుతారు. ఇరవై రెండేళ్లుగా ఈ మందును అమ్ముతున్నవాడిగా మీ ఇంటి విషయంలో నాకు వెంటనే తట్టిన భయం వేరు. ఒకే ఇంట్లో, ఒకే పేరున్న బిళ్ళలు, ఇద్దరు మనుషులకు, రెండు వేర్వేరు మోతాదుల్లో ఉన్నాయి. వాటిని ఒకే డబ్బాలో పెట్టకండి. మెథోట్రెక్సేట్ 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాముల బిళ్ళలుగా వస్తుంది. అమ్మగారి కోసం తెచ్చిన పట్టీలోంచి పిల్లవాడికి తీసి వేస్తే మోతాదు తారుమారవుతుంది.

ఈ మందుతో జరిగే ప్రమాదాల్లో అన్నిటికంటే పెద్దది, వారానికి ఒకసారి వేసుకోవలసినదాన్ని రోజూ వేసుకోవడం. కొన్నేళ్ల క్రితం మా చుట్టుపక్కల ఊరి పెద్దాయన ఒకరు కీళ్ల నొప్పులకు వేరే చోట రాయించుకున్న చీటీని సరిగా అర్థం చేసుకోక తొమ్మిది రోజులు వరుసగా వేసుకున్నారు. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో ఆయన కొడుకు నా దగ్గరికి వచ్చి నోటిపూతకు మందు అడిగాడు. వాడుతున్న బిళ్ళలన్నీ తెమ్మని చూశాక నాకు కాళ్లు వణికాయి. వెంటనే ఆసుపత్రికి పంపించాము. తెల్ల రక్తకణాలు బాగా పడిపోయాయని అక్కడ తేలింది. రోజుల తరబడి ఉంచుకుని ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లు చేసి బతికించారు. ఆనాటి నుంచి ఈ మందు అమ్మిన ప్రతిసారీ పట్టీ మీద "బుధవారం మాత్రమే" అనో "ఆదివారం మాత్రమే" అనో స్కెచ్ పెన్నుతో రాసి, ఎదురుగా ఉన్న మనిషి చేత చదివించి గానీ పంపను. చదువు రానివారైతే వాళ్ల ఇంట్లో చదివేవారితో ఫోన్‌లో మాట్లాడతాను.

పైన ఫోలినిక్ అన్నాను, ఫోలిక్ అనలేదు. పేర్లలో ఒక్క అక్షరమే తేడా ఉన్నా ఒకదాని బదులు మరొకటి పనికిరాదు. పిల్లవాడి చీటీలో ఎప్పుడైనా ఫోలినిక్ యాసిడ్ గానీ ల్యూకోవోరిన్ (అదే మందుకు మరో పేరు) గానీ రాస్తే, అది దొరకలేదని ఫోలిక్ యాసిడ్ తీసుకెళ్లకండి. అలాగే పిల్లవాడికి జ్వరమో నొప్పో వస్తే దుకాణంలో అడిగి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి వేయకండి. అవి మూత్రపిండాల ద్వారా మెథోట్రెక్సేట్ బయటికి పోవడాన్ని తగ్గించి, మందును ఒంట్లో నిలవ ఉంచుతాయి. అయినా లుకేమియా చికిత్సలో ఉన్న పిల్లవాడికి జ్వరం వస్తే దుకాణానికి కాదు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

జవాబు: పాథాలజీ వైద్యురాలు, స్వస్థలం శ్రీకాకుళం

నరసన్నపేట వారు చెప్పిన జాగ్రత్తలు అక్షరాలా నిజం. నేను కారణం వైపు వస్తాను.

మన ఎముకల మూలుగలో ప్రతి రోజూ కోట్ల కొద్దీ కొత్త రక్తకణాలు పుడతాయి. ఒక కణం రెండు కావాలంటే ముందుగా తనలోని డి.ఎన్.ఎ.కు రెండో ప్రతి రాసుకోవాలి. ఆ రాతకు కావలసిన ముడిసరుకులో కొంత భాగాన్ని అందించేది ఫోలేట్ అనే విటమిన్; బిళ్ళల్లో ఉండే ఫోలిక్ యాసిడ్ దాని రూపమే. అయితే మనం మింగిన ఫోలిక్ యాసిడ్ ఉన్నదున్నట్టుగా పని చేయదు. డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని పనికివచ్చే రూపంలోకి మార్చాలి. ఆ పనికివచ్చే రూపం ఒకసారి వాడుకలో అరిగిపోయినప్పుడల్లా మళ్లీ అదే ఎంజైమ్ దాన్ని తిరిగి సిద్ధం చేయాలి.

మెథోట్రెక్సేట్ అణువు చూడటానికి అచ్చం ఫోలిక్ యాసిడ్ లాగే ఉంటుంది. ఒక చోట ఆక్సిజన్ ఉండవలసిన స్థానంలో అమైనో గుంపు, మరొక చోట అదనంగా ఒక మిథైల్ గుంపు, అంతే తేడా. మీరు వ్యవసాయం చూసినవారే కనుక ఊద అనే కలుపు మొక్కను గుర్తు చేసుకోండి. నారుమడిలో వరి మొక్కకూ ఊద మొక్కకూ తేడా తెలియక రెండింటినీ కలిపి నాటేస్తాము. ఎంజైమ్ కూడా అలాగే మోసపోయి మెథోట్రెక్సేట్‌ను పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకున్నాక వదలలేదు. అసలు ఫోలేట్ కంటే దాదాపు వెయ్యి రెట్లు గట్టిగా అది అతుక్కుంటుంది. ఇక ఆ కణానికి పనికివచ్చే ఫోలేట్ అందదు, డి.ఎన్.ఎ. రాత ఆగిపోతుంది, విభజన మధ్యలో కణం చనిపోతుంది. లుకేమియాలోని లింఫోబ్లాస్ట్ కణాలు మెథోట్రెక్సేట్‌ను లోపలికి తీసుకుని, దానికి గ్లుటామేట్ తోకలు తగిలించి, బయటికి పోకుండా తమలోనే దాచుకుంటాయి. వారానికి ఒక్కసారి వేసినా ఈ మందు వాటి మీద పని చేయడానికి అది ఒక కారణం.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. పిల్లవాడి విషయంలో ఫోలేట్ అందకుండా చేయడమే చికిత్స. అమ్మగారి విషయంలో అది చికిత్స కాదు, దుష్ఫలితం. కీళ్లవాతంలో వాడే చిన్న మోతాదు కణాలను చంపడానికి ఉద్దేశించినది కాదు. అక్కడ మెథోట్రెక్సేట్ కీళ్లలోని వాపును ప్రధానంగా వేరే మార్గాల్లో, ముఖ్యంగా అడెనోసిన్ అనే పదార్థాన్ని పెంచడం ద్వారా తగ్గిస్తుందని భావిస్తున్నారు. ఫోలేట్ తగ్గడం వల్ల వచ్చే నోటిపూత, వికారం, కాలేయపు ఎంజైమ్‌లు పెరగడం వంటివి ఆమె భరించవలసిన అవసరం లేదు కనుక, వేరే రోజున ఫోలిక్ యాసిడ్ ఇచ్చి వాటిని తగ్గిస్తారు. మందు గుణం పెద్దగా చెడదు. పిల్లవాడికి అదే పని చేస్తే, ఏ కణాల నోటి దగ్గర ముద్ద లాగేయాలని ఇంత కష్టపడుతున్నామో వాటికే అన్నం వడ్డించినట్లవుతుంది. అందుకే పిల్లవాడి వైద్యులు అంత గట్టిగా రాశారు.

"నెత్తురు నేదు" అన్న పెద్దావిడ మాటను నేను తేలికగా తీసుకోను, ఎందుకంటే ఆ మాటలో తర్కం ఉంది. మన జిల్లాల్లో రక్తహీనత అంటే చాలా వరకు ఇనుమో, ఫోలేటో, బి12 విటమినో చాలకపోవడమే. మనవడికి రక్తం తగ్గింది మాత్రం పోషకం చాలక కాదు. మూలుగ అనే మడి నిండా లుకేమియా కణాలు కలుపులా పెరిగిపోవడంతో ఎర్ర కణాలు పుట్టడానికి చోటు లేకపోయింది. కలుపు నిండిన మడికి ఎరువు వేయరు, ముందు కలుపు తీస్తారు. ఆమెకు ఇలాగే చెప్పి చూడండి. గులాబీ బిళ్ళలో 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్‌తో పాటు 45 మిల్లీగ్రాముల ఇనుము కూడా ఉంటుంది. రక్తం పలుమార్లు ఎక్కించుకున్న పిల్లల ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువగా నిలవ ఉండే అవకాశం ఉంది కనుక, ఆ కారణంగానూ అది వాడికి అక్కరలేదు.

ఇంకొక్క మాట, ఇది నా వృత్తిలో తరచూ చూసేది. మెయింటెనెన్స్ మందులు వాడుతున్న పిల్లల రక్త పరీక్షలో ఎం.సి.వి. అనే అంకె, అంటే ఎర్ర కణం సగటు పరిమాణం, పెరగడం మామూలే. డి.ఎన్.ఎ. రాత మందగించడంతో కణం విభజన కాకుండా ఒళ్లు పెంచుకుంటుంది. ఆ కాగితాన్ని కేసు తెలియని వారికి చూపిస్తే, ఫోలేట్ లోపమని పొరబడి బిళ్ళ రాసే ప్రమాదం ఉంది. స్థానికంగా ఎక్కడ చూపించినా ముందుగా ఆసుపత్రి ఫైలు చేతికివ్వండి. చికిత్సలో భాగంగా వారంలో కొన్ని రోజులు కోట్రైమోక్సజోల్ ఇస్తూ ఉంటే దాన్ని మాత్రం సొంతంగా ఆపవద్దు. అది కూడా ఫోలేట్ మార్గం మీద పని చేసే మందే అయినా, న్యూమోసిస్టిస్ అనే ప్రమాదకరమైన ఊపిరితిత్తుల జబ్బు రాకుండా కాపాడుతుంది. ఆ లెక్క వైద్యులు చూసుకుంటారు.

జవాబు: జీవరసాయన శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు, విజయనగరం

ఉపాధ్యాయ మిత్రునికి, మీ రెండో ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది. దానికి జవాబు రాయకుండా ఉండలేను.

కథ మన దేశంలోనే మొదలవుతుంది. లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భిణులకు వచ్చే తీవ్రమైన రక్తహీనతను అధ్యయనం చేసి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ఈస్ట్‌లో ఉన్న ఆ పదార్థమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. 1941లో అమెరికాలో మిచెల్, స్నెల్, విలియమ్స్ నాలుగు టన్నుల పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేసి, లాటిన్‌లో ఆకు అనే అర్థమున్న మాట నుంచి దానికి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. నాలుగు టన్నుల ఆకుకు దక్కింది అతి కొద్ది పదార్థం. రోగులకు ఇవ్వాలంటే ప్రయోగశాలలో తయారు చేయక తప్పదు.

ఆ పని జరిగింది న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో, లెడర్లే పరిశోధనశాలలో. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారు 1940లో అక్కడ చేరి పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. అప్పటికే హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించి ఉన్నారు. నేను కళాశాలలో ముప్పై ఏళ్లు ఆ ఫిస్క్-సుబ్బారావు నీలిరంగు పరీక్షను విద్యార్థుల చేత చేయించాను. అది చేసిన ప్రతి ఒక్కరికీ, దాని పేరులోని రెండో భాగం తెలుగువాడిదని చెప్పేవాడిని. ఫోలిక్ యాసిడ్ మీద ఆయనకున్న పట్టుదల వెనుక ఇంటి దుఃఖం ఉంది. స్ప్రూ అనే జబ్బు, మన పెద్దలు సంగ్రహణి అనే తరహాది, ఆయన కుటుంబంలో సొంత అన్నను తీసుకుపోయింది. ఆయన కూడా దాని బారిన పడి కోలుకున్నారు. లెడర్లే బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించిన కొద్ది కాలానికే, టామ్ స్పైస్ దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి రక్తం పుంజుకోవడాన్ని చూపించారు.

ఇక లుకేమియా వైపు మలుపు. బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఉండేవారు. ఎలుకల కణుతుల మీద జరిగిన కొన్ని ప్రయోగాలు ఫోలిక్ యాసిడ్ సంబంధిత పదార్థాలు క్యాన్సర్‌ను అణచవచ్చని సూచించడంతో, లెడర్లే పంపిన అటువంటి పదార్థాలను ఆయన క్యాన్సర్ రోగులకు ఇచ్చి చూశారు. లుకేమియా ఉన్న పిల్లల్లో ఆశించినదానికి విరుద్ధంగా, మూలుగలో జబ్బు మరింత వేగం పుంజుకున్నట్లు ఆయనకు కనిపించింది. మీ అమ్మగారు ఇప్పుడు అడుగుతున్న బిళ్ళకు దగ్గరి చుట్టమే అది. విటమిన్ జబ్బును మేపుతున్నదంటే, విటమిన్‌ను అడ్డుకుంటే జబ్బు ఆకలితో చావాలి కదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఇక్కడే మీ ప్రశ్నకు జవాబు ఉంది. విరుగుడు చేయాలంటే అసలు అణువును ఎలా కట్టాలో తెలిసి ఉండాలి. ఫోలిక్ యాసిడ్‌ను అంచెలంచెలుగా కట్టడం నేర్చుకున్న బృందానికే దానిలో ఏ చోట ఏ ముక్క మారిస్తే ఏమవుతుందో చూసే వీలు ఉంటుంది. సుబ్బారావు గారి బృందంలోని సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ 1947లో అమైనోప్టెరిన్ అనే విరుగుడు నిర్మాణాన్ని ప్రకటించారు. విటమిన్ పని, విరుగుడు పని ఒకే బల్ల మీద జరిగాయి. వీటిని రెండు వేర్వేరు ఆవిష్కరణలుగా బోధించడం వల్లనే మనకు వైరుధ్యంలా కనిపిస్తున్నదని నా అభిప్రాయం.

ఫార్బర్ అమైనోప్టెరిన్‌ను 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. 1948 జూన్ 3న వెలువడిన ఆ వ్యాసం శీర్షికలోనే "తాత్కాలిక ఉపశమనం" అనే అర్థం వచ్చే మాట పెట్టారు. కొన్ని నెలలకు జబ్బు తిరిగి వచ్చింది, పిల్లలు దక్కలేదు. కానీ అంతవరకు ఏ మందుకూ సరిగా లొంగని పిల్లల అక్యూట్ లుకేమియా ఒక రసాయనానికి స్పష్టంగా వెనుకడుగు వేయడం అదే మొదలు. ఆ వ్యాసం వచ్చిన రెండు నెలలకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు 53 ఏళ్ల వయసులో నిద్రలోనే కన్నుమూశారు. అమైనోప్టెరిన్ కంటే విషగుణం తక్కువగా ఉన్న దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్ తరువాతి దశాబ్దంలో దాని స్థానాన్ని తీసుకుంది. మీ మేనల్లుడు వారానికొకసారి మింగుతున్నది అదే.

బోధించేటప్పుడు ఒక్క సవరణ చేయండి. "లుకేమియా మందును ఆయన ఒక్కరే కనుగొన్నారు" అనవద్దు. ఆయన పరిశోధనను నడిపించారు. అణువును కట్టినవారు ఆయన బృందంలోని రసాయన శాస్త్రవేత్తలు, రోగుల మీద పరీక్షించినవారు ఫార్బర్. తన పేరును ముందుకు నెట్టుకోని మనిషికి మనం అతిశయోక్తులు జోడిస్తే, ఎవరైనా ఒక్క తప్పు పట్టుకోగానే ఆయన చేసిన నిజమైన పని మీద కూడా నమ్మకం పోతుంది. నాకు ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ ఇంత నిష్కర్షగా రాస్తున్నాను.

పిల్లవాడి మిగతా మందులకూ ఇటువంటి చరిత్రే ఉంది. మెర్కాప్టోప్యూరిన్ గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ చేసినది. అది 1953లో వాడుకలోకి వచ్చింది, వారికి 1988లో నోబెల్ దక్కింది. తొలి నెలల్లో వాడికి నరంలోకి ఇచ్చి ఉండే విన్‌క్రిస్టిన్, మన ఇళ్ల ముందు పూచే బిళ్ళగన్నేరు మొక్క నుంచి తీసినది. ఏ ఒక్క మందూ ఒంటరిగా నిలవలేదు. వాటిని కలిపి, ఆపైన మెదడు, వెన్ను వైపు దాక్కునే కణాల కోసం విడిగా చికిత్స చేర్చి, 1960లలో డొనాల్డ్ పింకెల్ వంటి వారు ఈ జబ్బును నయం చేయవచ్చని నిరూపించారు. మీ వాడికి వెన్నులో ఎక్కించే సూది ఆ ఆలోచన నుంచి వచ్చినదే. నేడు అన్ని వసతులూ ఉన్న దేశాల్లో ఈ రకం లుకేమియా వచ్చిన పిల్లల్లో సుమారు 90 శాతం మంది బతికి బయటపడుతున్నారు.

జవాబు: ల్యాబ్ టెక్నీషియన్, సీతంపేట ప్రాంతం

పై జవాబులు చదివి, రక్తం జబ్బు ఉన్న పిల్లలెవరికీ ఫోలిక్ యాసిడ్ ఇవ్వకూడదని ఎవరైనా అనుకుంటారేమోనని ఇది రాస్తున్నాను. మా కొండ గ్రామాల్లో సవర, జాతాపు కుటుంబాల పిల్లలకు సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్త జబ్బు) పరీక్షలు చేస్తుంటాము. 2023 జూలైలో జాతీయ స్థాయిలో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయ్యాక ఈ పరీక్షలు ఇంకా పెరిగాయి. మామూలు ఎర్ర కణం సుమారు 120 రోజులు బతికితే, సికిల్ సెల్ జబ్బు ఉన్నవారిలో అది 10 నుంచి 20 రోజుల్లోనే చితికిపోతుంది. పోయినవాటి బదులు కొత్తవి చేయడానికి మూలుగ రాత్రింబవళ్లు పని చేస్తుంది కనుక ఫోలేట్ ఎక్కువగా ఖర్చవుతుంది. అందువల్ల ఆ పిల్లలకు ఫోలిక్ యాసిడ్ క్రమం తప్పకుండా ఇస్తారు. దాన్ని ఆపకూడదు.

మాస్టారి ఇంట్లోని చిక్కు లాంటిదే మాకూ ఎదురవుతుంది. సికిల్ సెల్ పిల్లలకు ఇచ్చే హైడ్రాక్సీయూరియా అసలు కొన్ని రకాల లుకేమియాల్లో వాడే మందు. అది కూడా డి.ఎన్.ఎ. ముడిసరుకును అడ్డుకునేదే. అయితే తగిన మోతాదులో అది బిడ్డ కడుపులో ఉన్నప్పటి రకం హీమోగ్లోబిన్‌ను పెంచి, కణాలు కొడవలిలా వంగకుండా కాపాడుతుంది. క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పగా విని ఒక తల్లి ఆరు నెలలు బిడ్డకు వేయకుండా అటక మీద దాచింది. ఆ ఆరు నెలల్లో వాడు మూడుసార్లు నొప్పులతో ఆసుపత్రిలో చేరాడు. జబ్బును బట్టి, మోతాదును బట్టి ఒకే మందు ఎంత వేరుగా పని చేస్తుందో ఆమెకు కూర్చోబెట్టి చెప్పవలసినది మేమే. అప్పుడు చెప్పలేదు. ఆ తప్పు మాది.

ప్రశ్న వేసినవారు: ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు, చీపురుపల్లి

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి అమ్మ దగ్గర కూర్చుని ఊద మొక్క సంగతి చెప్పాను. ఆమె పొలంలో ఏళ్ల తరబడి కలుపు తీసిన మనిషి. ఒక్కసారి చెప్పగానే అర్థం చేసుకుంది. "మరి ముందే ఆ ముక్క సెప్పకపోయినావా" అని నన్నే కోప్పడింది. మందుల డబ్బాలు వేరు చేశాము. అమ్మది ఆదివారం, వాడిది బుధవారం. పట్టీల మీద రాసి, అప్ప చేత చదివించాను.

బడిలో కూడా ఒక పని చేశాను. ఇనుము బిళ్ళల రిజిస్టరులో వాడి పేరు ఎదురుగా "వైద్యుల సలహా మేరకు ఇవ్వరాదు" అని రాసి, ఆసుపత్రి కాగితం నకలు జత చేశాను. నేను సెలవులో ఉన్న రోజున మరొక ఉపాధ్యాయుడు మంచి మనసుతోనే వేసేయవచ్చు కదా. విషయం ఆరోగ్య కార్యకర్త గారికి కూడా తెలియజేశాను.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. ఆకుకూరల్లో ఫోలేట్ ఉంటుందని ఇక్కడ చదివాక, మా అప్ప నిన్నటి నుంచి వాడికి తోటకూర, బచ్చలి, మునగాకు అన్నీ మానిపించింది. చోడి అంబలి ఒక్కటే ఇస్తోంది. అది సరైనదేనా?

జవాబు: పాథాలజీ వైద్యురాలు, స్వస్థలం శ్రీకాకుళం

మాస్టారూ, దయచేసి ఈ రోజే ఆ నిర్ణయం మార్పించండి. వద్దన్నది బిళ్ళల్లో, టానిక్‌లలో వచ్చే ఫోలిక్ యాసిడ్‌ను. ఇంటి భోజనంలోని ఆకుకూరల వల్ల వచ్చే ఫోలేట్‌తో మందు చెడదు. పెరిగే పిల్లవాడికి, అందులోనూ ఇంత చికిత్స తట్టుకుంటున్నవాడికి, కడుపు నిండా అన్ని రకాల తిండీ కావాలి. ఆకులను రెండు మూడు నీళ్లలో బాగా కడిగి, పూర్తిగా ఉడికించి, వేడిగా ఉన్నప్పుడే పెట్టమనండి. పచ్చివి, నిలవ ఉన్నవి మాత్రం వద్దు, ఎందుకంటే తెల్ల కణాలు తక్కువగా ఉన్న రోజుల్లో వాటి వల్ల ఇన్‌ఫెక్షన్ రావచ్చు. మునగాకు పప్పులో వేసి వండితే నిరభ్యంతరంగా పెట్టవచ్చు. ఎండబెట్టిన మునగాకు పొడిని మందులా చెంచాల లెక్కన ఇవ్వమని ఎవరైనా చెబితే మాత్రం, ముందు వాడి వైద్యులను అడగండి.